హెపటోసెల్యులర్: రిపోర్టులోని మాటకు అంకెల్లో అర్థం

రక్తపరీక్ష రిపోర్టు చేతికొచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్లేలోపే ఫోనులో వెతకడం ఇప్పుడు ఇంటింటా అలవాటు. లివర్ పరీక్షల కింద ‘హెపటోసెల్యులర్’ అనే మాట కనబడిందా, ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఆ మాట కొట్టగానే తెర మీద ముందుగా ఎదురయ్యేది ‘హెపటోసెల్యులర్ కార్సినోమా’, అంటే కాలేయ క్యాన్సర్. రిపోర్టు రాసినవారు చెప్పదలచుకున్నది చాలాసార్లు అంతకంటే చిన్న సంగతి: ఇబ్బంది కాలేయ కణాల్లో ఉందని మాత్రమే. అది ఎంత, ఎందువల్ల, ఎన్నాళ్ల నుంచి అన్నవి ఆ మాటలో ఉండవు, దాని పక్కనున్న అంకెల్లో ఉంటాయి. కూడికలు, భాగహారాలు వచ్చిన ఎవరైనా వాటిని చదువుకోవచ్చు.

1 మాట, 5 జతలు

గ్రీకు భాషలో ‘హెపార్’ అంటే కాలేయం. హెపటోసైట్ అంటే కాలేయంలో అసలు పని చేసే కణం. హెపటోసెల్యులర్ అంటే ఆ కణానికి సంబంధించినది. ఒంటరిగా ఉన్నప్పుడు అది జబ్బు పేరు కాదు, విశేషణం. దాని వెనక వచ్చే మాటను బట్టి సంగతి మారిపోతుంది. మన రిపోర్టుల్లో ఎక్కువగా కనబడే జతలు ఇవి:

• హెపటోసెల్యులర్ ఇంజురీ, లేదా ప్యాటర్న్: కణాలు దెబ్బతింటున్నాయి. వైరస్, మందులు, మద్యం, కొవ్వు... ఏదైనా కారణం కావచ్చు.

• హెపటోసెల్యులర్ జాండిస్: పిత్తనాళంలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లు కావు, కణాల జబ్బు వల్ల వచ్చిన కామెర్లు.

• డిఫ్యూజ్ హెపటోసెల్యులర్ డిసీజ్: అల్ట్రాసౌండ్ రిపోర్టుల్లో వాడే మాట. కాలేయమంతా ఒకే తీరుగా మారి కనబడుతోందని అర్థం. కారణం తేల్చవలసింది మిగతా పరీక్షలు.

• హెపటోసెల్యులర్ అడినోమా: క్యాన్సర్ కాని గడ్డ. గర్భనిరోధక మాత్రలు ఏళ్ల తరబడి వాడిన స్త్రీలలో ఎక్కువగా చూస్తారు. 5 సెంటీమీటర్లు దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

• హెపటోసెల్యులర్ కార్సినోమా: కాలేయ కణాల్లోనే పుట్టిన క్యాన్సర్. వైద్యులు హెచ్‌సీసీ అంటారు.

ఈ ఐదింటిలో క్యాన్సర్ ఒక్కటే. మిగతా నాలుగింటిలో తొలి రెండు సర్వసాధారణం.

80 శాతం

పెద్దవాళ్లలో కాలేయం 1.2 నుంచి 1.5 కిలోలు తూగుతుంది. ఆ బరువులో దాదాపు 80 శాతం హెపటోసైట్లదే. మిగిలినది రక్తనాళాలు, పిత్తనాళాలు, వాటి చుట్టూ ఉండే ఇతర కణాలు. ఒక్కో హెపటోసైట్ వెడల్పు 20 నుంచి 30 మైక్రాన్లు. మిల్లీమీటరు పొడవున సుమారు 40 కణాలను వరసగా పేర్చవచ్చు. నాలుగింట ఒకదానికి రెండు కేంద్రకాలు ఉంటాయి. శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఒక్కో కణంలో 1,000 నుంచి 2,000 వరకు ఉంటాయి. ఇంత సరంజామా ఎందుకో ఆ కణం చేసే పని చూస్తే తెలుస్తుంది.

గుండె పంపే రక్తంలో నాలుగో వంతు, అంటే నిమిషానికి దాదాపు లీటరున్నర, కాలేయం గుండా పోతుంది. అందులో 75 శాతం పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా వస్తుంది. తిన్న అన్నం, మింగిన మాత్ర, తాగిన మందు అన్నీ ఈ దారినే ముందుగా హెపటోసైట్ల ముందుకు వస్తాయి. మిగతా 25 శాతం ధమని నుంచి వచ్చే మంచి రక్తం. ఈ 75, 25 లెక్కతో క్యాన్సర్ దగ్గర మళ్లీ పని పడుతుంది.

ఈ కణాలు రోజుకు 10 నుంచి 15 గ్రాముల ఆల్బుమిన్ తయారుచేస్తాయి. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లలో ఎక్కువ భాగం వీటి చలవే. పిత్తరసం వీటిలోనే పుడుతుంది. అమ్మోనియాను యూరియాగా మార్చేదీ ఇవే. భోజనానికీ భోజనానికీ మధ్య రక్తంలో చక్కెర పడిపోకుండా 100 గ్రాముల వరకు గ్లైకోజెన్ దాచి ఉంచుతాయి.

మైక్రోస్కోపులో చూస్తే కణాలు ఆరు పలకల గదుల్లా అమరి ఉంటాయి. రక్తం ఆరు మూలల నుంచి బయలుదేరి మధ్యలోని సిరకు చేరుతుంది. మూలల దగ్గరి కణాలకు ఆక్సిజన్ సమృద్ధిగా అందుతుంది. మధ్యకు వెళ్లేసరికి అది తగ్గిపోతుంది. మందులను విరగ్గొట్టే ఎంజైములు మాత్రం ఆ మధ్య కణాల్లోనే ఎక్కువ. అందుకే పారాసిటమాల్ మోతాదు మించినా, షాక్ వల్ల రక్తపోటు బాగా పడిపోయినా ముందు చచ్చేది నడిమి కణాలే.

40 యూనిట్లు

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనే రెండు ఎంజైముల చోటు కణం లోపల. కొత్త రిపోర్టుల్లో వీటినే ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అని రాస్తున్నారు. కణం పొర దెబ్బతింటే ఇవి రక్తంలోకి కారతాయి. రక్తంలో వీటి మోతాదు పెరిగిందంటే ఎక్కడో కణాలు దెబ్బతిన్నట్టే. అలా అని ప్రతిసారీ అవి కాలేయ కణాలే కానక్కర్లేదు. 1954లో న్యూయార్క్‌లో లాడ్యూ, వ్రుబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనే వైద్యులు ఎస్‌జీఓటీని మొదట పట్టుకున్నది గుండెపోటు రోగుల రక్తంలో. ఆ ఎంజైము గుండెలోనూ, కండరాల్లోనూ, ఎర్ర రక్తకణాల్లోనూ ఉంటుంది. జిమ్‌లో మితిమీరి బరువులెత్తిన మర్నాడు పరీక్ష చేయిస్తే ఎస్‌జీఓటీ పెరిగి కనబడటం అందుకే. ఎస్‌జీపీటీ ఎక్కువగా కాలేయానిదే కాబట్టి దాని సాక్ష్యానికి విలువ ఎక్కువ.

చాలా ల్యాబులు పై హద్దును 40 యూనిట్ల దగ్గర పెడతాయి. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2017లో దాన్ని ఇంకా కిందికి దించింది: పురుషులకు 29 నుంచి 33, స్త్రీలకు 19 నుంచి 25. ఆ లెక్కన ఒక స్త్రీకి 38 వస్తే రిపోర్టులో ‘నార్మల్’ అని ఉన్నా, నడుము చుట్టుకొలత పెరిగి, షుగర్ కూడా ఉంటే ఆ అంకెను దాటవేయకూడదు.

రెండు ఎంజైముల నిష్పత్తి కూడా ఒక కబురు చెబుతుంది. దాన్ని 1957లో ఇటలీ వైద్యుడు డి రిటిస్ ప్రతిపాదించాడు. కొవ్వు కాలేయంలో మామూలుగా ఎస్‌జీపీటీదే పైచేయి. ఎస్‌జీఓటీ దానికి రెట్టింపు దాటితే వైద్యులు ముందు మద్యం అలవాటు గురించి అడుగుతారు. కాలేయం మచ్చలతో గట్టిపడే సిరోసిస్ ముదిరినప్పుడూ ఎస్‌జీఓటీ పైకి పోతుంది.

5 దాటితే

ఇబ్బంది కణాల్లోనా, పిత్తనాళాల్లోనా అని తేల్చడానికి వైద్యులకు ఒక చిన్న లెక్క ఉంది. పేరు ఆర్ విలువ. మందుల వల్ల కలిగే కాలేయ నష్టంపై 1990లో ప్రచురించిన అంతర్జాతీయ ఒప్పందంతో ఇది వాడుకలో స్థిరపడింది. ఎస్‌జీపీటీ దాని పై హద్దుకు ఎన్ని రెట్లు ఉందో చూడండి. పిత్తనాళాల ఇబ్బందిలో పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము దాని పై హద్దుకు ఎన్ని రెట్లు ఉందో చూడండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఫలితం 5 గానీ అంతకు మించి గానీ ఉంటే హెపటోసెల్యులర్. 2 లేదా అంతకు తక్కువైతే కొలెస్టాటిక్, అంటే పిత్తం నిలిచిపోయిన తీరు. మధ్యలో ఉంటే రెండూ కలిసినది.

పై హద్దులు 40, 120 అనుకుని మూడు రిపోర్టులు చూద్దాం.

ఒకరికి ఎస్‌జీపీటీ 620, ఫాస్ఫటేజ్ 130. మొదటిది 15.5 రెట్లు, రెండోది 1.08 రెట్లు. ఆర్ విలువ 14 దాటింది. స్పష్టంగా హెపటోసెల్యులర్. హెపటైటిస్ వైరస్‌లకు, ఈమధ్య వాడిన మందులకు సంబంధించిన ఆరా మొదలవుతుంది.

మరొకరికి ఎస్‌జీపీటీ 96, ఫాస్ఫటేజ్ 480. మొదటిది 2.4 రెట్లు, రెండోది 4 రెట్లు. ఆర్ విలువ 0.6. ఇక్కడ ముందుగా కావలసింది స్కానింగ్. నాళంలో రాయో, అడ్డో ఉందేమో చూడాలి.

ఇంకొకరికి 160, 150. అంటే 4 రెట్లు, 1.25 రెట్లు. ఆర్ విలువ 3.2. ఇది మిశ్రమం.

ఒక్క జాగ్రత్త. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎముకల్లోనూ, గర్భిణుల మాయలోనూ ఉంటుంది. ఎదిగే పిల్లల్లో, నెలలు నిండుతున్న గర్భిణుల్లో అది సహజంగానే పెరుగుతుంది. వారి రిపోర్టుకు ఈ లెక్క కడితే తప్పుదారి పట్టిస్తుంది. పెరిగింది కాలేయం నుంచేనా అన్న సందేహం వస్తే జీజీటీ అనే మరో ఎంజైము పరీక్షతో తీరుతుంది.

ఎస్‌జీపీటీ 1,000 దాటితే అనుమానితులు తగ్గిపోతారు. ఎక్కువగా మూడు కారణాలే ఉంటాయి: తీవ్రమైన వైరల్ హెపటైటిస్, మందు లేదా విషం, కాలేయానికి రక్తం అందకపోవడం.

47 గంటలు

రక్తంలోకి చేరిన ఎస్‌జీపీటీలో సగం కరిగిపోవడానికి సుమారు 47 గంటలు పడుతుంది. ఎస్‌జీఓటీకి 17 గంటలు చాలు. ఈ రెండు అంకెలు తెలిస్తే చాలా భ్రమలు వదులుతాయి.

ఒకరికి ఎస్‌జీపీటీ 1,600 ఉందనుకోండి. కణాలకు నష్టం ఇవాళ పూర్తిగా ఆగిపోతే రెండు రోజుల తర్వాత 800, నాలుగో రోజుకు 400, ఎనిమిదో రోజుకు 100 అవుతుంది. నిజ జీవితంలో నష్టం ఒక్కసారిగా ఆగదు కాబట్టి దిగడానికి ఇంకొంత సమయం పడుతుంది. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఏ, ఈ రకాలు ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. సరిగ్గా ఈ దిగే రోజుల్లోనే ఎవరో పసరు పోయిస్తారు, చేతి మీద వాత పెట్టిస్తారు. ఎంజైములు దిగడం మొదలయ్యాక వేసిన పసరుకు పేరొస్తుంది. దించింది 47 గంటల లెక్క.

దీనికి రెండో ముఖం కూడా ఉంది, అది ప్రమాదకరమైనది. ఎస్‌జీపీటీ 3,000 నుంచి 300కు పడిపోయిందని ఇంటివాళ్లు సంతోషిస్తుంటే, డాక్టరు మొహంలో కళ ఉండదు. కారడానికి కణాలే మిగలకపోయినా ఆ అంకె పడిపోతుంది. గిన్నెలో నీళ్లన్నీ ఇగిరిపోయినా ఆవిరి ఆగుతుంది, పొయ్యి ఆర్పినా ఆగుతుంది. ఏది జరిగిందో తెలియాలంటే మూత తీసి చూడాలి. ఆ చూడటం తర్వాతి రెండు అంకెలతో.

20 రోజులు, 6 గంటలు

ఎంజైములు కణాల నష్టాన్ని చెబుతాయి, మిగిలిన కణాల శక్తిని చెప్పవు. లివర్ ఫంక్షన్ టెస్ట్ అన్న పేరున్న రిపోర్టులో నిజంగా ఫంక్షన్‌ను కొలిచేవి కొన్నే. వాటిలో ఆల్బుమిన్ ఒకటి. అది రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు 20 రోజులు పడుతుంది. కాబట్టి వారం కింద మొదలైన జబ్బులో ఆల్బుమిన్ చక్కగానే కనబడుతుంది. అది తక్కువగా ఉందంటే, పోషకాహార లోపమో, మూత్రంలో ప్రొటీన్ పోవడమో లేనప్పుడు, కాలేయం చాలాకాలంగా కుంటుతోందని అర్థం.

రక్తం గడ్డకట్టించే ఏడో ఫ్యాక్టర్ సగానికి తగ్గడానికి సుమారు 6 గంటలే చాలు. కణాలు పని మానేస్తే ఒక్కరోజులోనే దాని లోటు తెలుస్తుంది. ప్రోథ్రాంబిన్ టైమ్, ఐఎన్ఆర్ పరీక్షలు పట్టేది దీన్నే. కాలేయ జబ్బు చరిత్ర లేని మనిషిలో ఐఎన్ఆర్ 1.5 దాటి, దానితోపాటు మగతో, మాట తడబాటో మొదలైతే అది అక్యూట్ లివర్ ఫెయిల్యూర్. గంటల్లో కాలేయ మార్పిడి సౌకర్యమున్న ఆసుపత్రికి చేర్చవలసిన అత్యవసరం. ఎంజైములు దిగుతూ ఉంటే కామెర్లను కొలిచే బిలిరుబిన్, ఐఎన్ఆర్ ఎక్కుతూ పోవడం చెడు సూచన. మూడూ కలిసి దిగితేనే కోలుకుంటున్నట్టు.

మందుల విషయంలో అమెరికా వైద్యుడు హైమన్ జిమ్మర్‌మన్ గమనించిన ఒక సూత్రాన్ని ఔషధ నియంత్రణ సంస్థలు ఇప్పటికీ పాటిస్తాయి. ఒక మందు వల్ల ఎస్‌జీపీటీ 3 రెట్లు దాటి, పిత్తం అడ్డుపడిన గుర్తులు లేకుండానే బిలిరుబిన్ 2 రెట్లు దాటితే, అలాంటి రోగుల్లో కనీసం 10 శాతం మందికి ప్రాణాపాయం. హెపటోసెల్యులర్ నష్టానికి కామెర్లు తోడైతే తేలిగ్గా తీసుకోకూడదని దాని సారం.

46 శాతం

మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న 1,288 మందిని పరిశీలించిన భారతీయ వైద్యుల బృందం 2021లో ఫలితాలు ప్రచురించింది. అందులో 46 శాతం కేసులకు కారణం క్షయ మందులు. దాదాపు 14 శాతానికి కారణం సంప్రదాయ, ప్రత్యామ్నాయ వైద్యాల మందులు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ హెపటోసైట్ల మీద భారం వేసేవే. అలాగని టీబీ మందులకు భయపడి మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. వాటికి వైద్యులు పాటించే హద్దు ఉంది: లక్షణాలు లేకపోతే ఎస్‌జీపీటీ 5 రెట్లు దాటినప్పుడు, వాంతులు, ఆకలి మందగించడం, కామెర్లు ఉంటే 3 రెట్లు దాటినప్పుడు మందులు ఆపి, తగ్గాక ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెడతారు. ఆపేదీ, మొదలుపెట్టేదీ డాక్టరే కావాలి.

ఇంట్లో అందరికీ చేతికందే పారాసిటమాల్‌కు ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లలో రోజువారీ గరిష్ఠ హద్దు 4 గ్రాములు. 650 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు వేసుకుంటే 3.9 గ్రాములు. మధ్యలో జలుబు మాత్ర ఒకటి పడితే హద్దు దాటినట్టే, ఎందుకంటే చాలా జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది. మోతాదు మించితే హెపటోసైట్‌లోని ఎంజైములే దాన్ని విషపదార్థంగా మారుస్తాయి. ఆ విషాన్ని విరిచే గ్లుటాథయోన్ నిల్వ ఖాళీ అయితే కణం చస్తుంది. విరుగుడుగా ఎన్-అసిటైల్ సిస్టీన్ ఉంది. మింగిన 8 గంటల్లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది. ‘బాగానే ఉన్నాడు కదా, రేపు చూద్దాం’ అనుకుంటే ఆ 8 గంటలు చేజారిపోతాయి. ఎందుకంటే మొదటి రోజు రోగి నిజంగానే బాగానే కనబడతాడు.

5 శాతం కొవ్వు

ఫ్యాటీ లివర్ నిర్వచనం కూడా హెపటోసైట్ల లెక్కలోనే ఉంది. బయాప్సీలో 5 శాతం, అంతకుమించి కణాల్లో కొవ్వు బిందువులు కనబడితే ఫ్యాటీ లివర్. మూడో వంతు కణాల దాకా మొదటి గ్రేడు, మూడింట రెండు వంతుల దాకా రెండో గ్రేడు, ఆపైన మూడో గ్రేడు. మామూలు అల్ట్రాసౌండ్‌కు 20 శాతం కంటే తక్కువ కొవ్వును పట్టడం కష్టం. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారంటే కొవ్వు బొత్తిగా లేదని కాదు.

దేశంలో జరిగిన అధ్యయనాలన్నింటినీ కలిపి 2022లో వేసిన అంచనా ప్రకారం పెద్దవాళ్లలో 38.6 శాతానికి, పిల్లల్లో 35.4 శాతానికి ఫ్యాటీ లివర్ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ హాస్పిటల్స్ కలిసి నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించాయి. వారిలో 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకుంది. 71 శాతం మంది స్థూలకాయులు. 345 మందిని చూసి లక్షల మంది లెక్క కట్టలేం. అయినా గంటల తరబడి కుర్చీలో కూర్చునే ఉద్యోగానికి, రాత్రి పదకొండింటికి వచ్చే బిర్యానీ పార్శిల్‌కు కాలేయం ఇచ్చే జవాబు ఏమిటో ఆ అంకె చెబుతోంది.

మందు సంగతి ఎలా ఉన్నా, బరువు తగ్గితే వచ్చే ఫలితం స్పష్టం. ఒంటి బరువులో 5 శాతం తగ్గితే కణాల్లోని కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు దిగుతుంది. 10 శాతం దాటితే కాలేయంలో పడిన మచ్చలు కూడా కొంత వెనక్కి తగ్గే అవకాశం ఉంది. 80 కిలోల మనిషికి ఈ అంకెలు 4, 5.6 నుంచి 8, 8 కిలోల పైన.

1.3

కణాలు చచ్చిన చోట మచ్చ కణజాలం పేరుకుంటూ పోతే ఫైబ్రోసిస్, అది ముదిరితే సిరోసిస్. ఫ్యాటీ లివర్ ఉన్నవారిలో ఎవరికి మచ్చలు ఎక్కువున్నాయో అంచనా వేయడానికి ఫిబ్-4 అనే లెక్క వాడతారు. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్యతోనూ, ఎస్‌జీపీటీ వర్గమూలంతోనూ భాగించాలి. ప్లేట్‌లెట్లు రిపోర్టులో 1.30 లక్షలని ఉంటే 130 అని వేసుకోవాలి.

45 ఏళ్ల మనిషికి ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు 2 లక్షలు అనుకుందాం. పైన 45 ఇంటూ 40, అంటే 1,800. కింద 200 ఇంటూ 7, అంటే 1,400. జవాబు 1.29. 1.3 కంటే తక్కువైతే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం తక్కువ. మరొకరికి 58 ఏళ్లు, ఎస్‌జీఓటీ 72, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 1.3 లక్షలు. 4,176ను 1,040తో భాగిస్తే 4.02. 2.67 దాటింది కాబట్టి కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్, నిపుణుడి సలహా తప్పనిసరి. ఈ రెండో రిపోర్టులో ఎంజైములు రెండు రెట్ల లోపే ఉన్నాయని గమనించండి. 620 ఉన్న ఎస్‌జీపీటీ కంటే 64 ఉన్న ఎస్‌జీపీటీ వెనక పెద్ద జబ్బు దాగి ఉండవచ్చు.

65 ఏళ్లు దాటినవారికి కింది హద్దు 1.3 బదులు 2. 35 ఏళ్లలోపు వారికి, తీవ్రమైన హెపటైటిస్ నడుస్తున్నప్పుడు ఈ లెక్క నమ్మదగ్గది కాదు.

75, 25 తారుమారైతే

ఇక అందరినీ భయపెట్టే జత. 2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 8.66 లక్షల మందికి కొత్తగా కాలేయ క్యాన్సర్ వచ్చింది. 7.58 లక్షల మంది చనిపోయారు. క్యాన్సర్ మరణాల్లో దీనిది మూడో స్థానం. ఇందులో 75 నుంచి 85 శాతం హెపటోసెల్యులర్ కార్సినోమా. పేగులోనో, రొమ్ములోనో పుట్టి కాలేయానికి పాకిన క్యాన్సర్‌ను ఈ పేరుతో పిలవరు.

ఈ క్యాన్సర్‌కు ఒక ప్రత్యేకత ఉంది. చాలా సందర్భాల్లో ముక్క తీసి పరీక్షించకుండానే నిర్ధారిస్తారు. ఆరోగ్యంగా ఉన్న కాలేయానికి 75 శాతం రక్తం పోర్టల్ సిర నుంచి అందుతుందని చెప్పుకున్నాం. క్యాన్సర్ గడ్డ మాత్రం దాదాపు పూర్తిగా ధమని రక్తం మీదే బతుకుతుంది. సీటీలో రంగు మందు ఎక్కించగానే, ధమని దశలో గడ్డ ముందు వెలుగుతుంది. కాసేపటికి చుట్టూ కాలేయం వెలిగే వేళకు గడ్డ మసకబారుతుంది. సిరోసిస్ ఉన్న మనిషిలో ఈ రెండూ కనబడితే నిర్ధారణకు చాలు. ధమని ద్వారా గడ్డలోకే మందు పంపి, దారి మూసేసే టేస్ చికిత్సకు కూడా ఈ తేడాయే ఆధారం.

హెచ్‌సీసీ రోగుల్లో 80 నుంచి 90 శాతం మందికి అప్పటికే సిరోసిస్ ఉంటుంది. అందుకే సిరోసిస్ ఉన్నవారికి 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్, దానితోపాటు ఈ క్యాన్సర్ జాడ చూపే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష చేయించమంటారు. త్వరగా దొరికితే ఏమవుతుందో 1996లో ఇటలీలోని మిలాన్ నుంచి వచ్చిన అధ్యయనం చూపింది. ఒకే గడ్డ 5 సెంటీమీటర్ల లోపు, లేదా మూడు గడ్డల వరకు ఒక్కోటి 3 సెంటీమీటర్ల లోపు ఉన్నవారికి కాలేయ మార్పిడి చేస్తే నాలుగేళ్ల తర్వాత 75 శాతం మంది బతికి ఉన్నారు. ముదిరాక దొరికితే లెక్క నెలల్లోకి మారుతుంది. 2008లో ప్రచురించిన పరీక్షలో సొరాఫెనిబ్ అనే మందు సగటు ఆయువును 7.9 నుంచి 10.7 నెలలకు పెంచింది. 2020 నాటి అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ జంట మందులు దాన్ని 19.2 నెలలకు తెచ్చాయి. పెద్ద ముందడుగే, కానీ ఆరు నెలల స్కానింగ్ ఇచ్చేంత కాదు.

24 గంటలు

ఈ క్యాన్సర్‌కు టీకా ఉందని చాలామందికి తెలియదు. హెపటైటిస్ బి టీకాయే అది. ఆ వైరస్ తన జన్యుపదార్థాన్ని హెపటోసైట్ కేంద్రకంలోకే చొప్పిస్తుంది. అందుకే సిరోసిస్ రాకుండా కూడా క్యాన్సర్ రాగలదు. తల్లి నుంచి పుట్టుకతో సోకితే 90 శాతం మంది పిల్లల్లో జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే 5 శాతం లోపు మందిలోనే నిలుస్తుంది. కాబట్టి పుట్టిన 24 గంటల్లోపు వేసే తొలి మోతాదుకు అంత విలువ. ఆ తర్వాత 6, 10, 14 వారాల్లో పెంటావాలెంట్ టీకాతో కలిపి ఇస్తారు.

తైవాన్ 1984లో పసిపిల్లలకు ఈ టీకా మొదలుపెట్టింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్ అంతకుముందు లక్షకు 0.70 ఉండేది. 1990, 1994 మధ్య 0.36కు తగ్గింది. మన దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్‌ది. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన ఆ సంస్థ 1997లో షాన్‌వాక్-బి పేరుతో తెచ్చి, దిగుమతి టీకా ధరలో చిన్న భాగానికే అమ్మింది. 2011 నాటికి ఈ టీకా దేశమంతటా ఉచిత టీకాల పట్టికలో చేరింది.

అయినా పాత బకాయి మిగిలే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో భారత్‌లో 2.98 కోట్ల మందిలో హెపటైటిస్ బి, 55 లక్షల మందిలో హెపటైటిస్ సి ఉన్నాయి. వీరిలో ఎక్కువమందికి ఆ సంగతి తెలియదు. హెపటైటిస్ సి 12 వారాల మాత్రలతో 95 శాతం మందిలో పూర్తిగా నయమవుతుంది. హెపటైటిస్ బిని మందులతో అదుపులో ఉంచవచ్చు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద రెండింటికీ ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్ష, చికిత్స ఉచితం. బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్నల్లోని అఫ్లటాక్సిన్ కూడా కాలేయ కణాల డీఎన్ఏను దెబ్బతీసే క్యాన్సర్ కారకమే. చేదెక్కిన పల్లీలు చట్నీలో వేయకుండా పారేయడం మంచిది.

రిపోర్టు చేతికొస్తే

హెపటోసెల్యులర్ అన్న మాట కనబడితే ముందు దాని పక్కన ఏ మాట ఉందో చూడండి. ఎంజైము ఎన్ని రెట్లు పెరిగిందో, ఆర్ విలువ ఎంతో లెక్కగట్టండి. బిలిరుబిన్, ఐఎన్ఆర్ ఎటు పోతున్నాయో గమనించండి. గత మూడు నెలల్లో వాడిన ప్రతి మాత్రనూ, చూర్ణాన్నీ, పసరునూ, ప్రొటీన్ పొడినీ కాగితం మీద రాసి డాక్టరుకు చూపండి, ఏదీ దాచవద్దు. ఎంజైములు 64 ఉన్నాయి కదా, కొద్దిగానే కదా అని వదిలేయకుండా ఫిబ్-4 ఎంతో అడగండి. హెపటైటిస్ బి, సి లను పట్టే హెచ్‌బీఎస్‌ఏజీ, హెచ్‌సీవీ పరీక్షలు జీవితంలో ఒక్కసారైనా చేయించుకోని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి ఈ వారమే తీసుకెళ్లండి.